వెనకసీటు బరువు

ఏలూరులో నిత్యానందం మేష్టారి శనివారాలన్నీ కారు కిందే గడిచేవి. పొద్దున్నే చద్దన్నం తిని, పాత పంచె ఎగ్గట్టి, గోనెపట్టా పరుచుకుని కిందకి దూరాడంటే మళ్ళీ భోజనానికి భార్య విక్టోరియా పిలిచేదాకా బయటికి వచ్చేవాడు కాదు. వీధిన పోయేవాళ్ళకి రెండు కాళ్ళు మాత్రం కనిపించేవి. ఆయన మిషన్ హైస్కూల్లో లెక్కలూ సైన్సూ చెప్పేవాడు. అందుకని అటుగా పోయే పిల్లలు ఆ కాళ్ళకే నమస్కారం పెట్టి, జవాబు కోసం ఆగకుండా పరుగెత్తేవారు.

కారుండడమే వింతగా చెప్పుకునే రోజులవి. దాని పని సొంతంగా చేసుకోవడం మరీ వింత. డబ్బున్నవాళ్ళకి డ్రైవర్లుండేవారు, లేనివాళ్ళకి కార్లుండేవి కావు. మేష్టారు ఈ రెంటికీ మధ్య ఇరుక్కున్న మనిషి. పెద్ద యుద్ధం రోజుల్లో పటాలంతో బస్రా వెళ్ళి, అక్కడి ఇసకలో లారీ తోలి వచ్చాడు. తిరిగొచ్చి సుద్దముక్క పట్టుకున్నాడే గాని స్టీరింగు మీద మోజు మాత్రం చావలేదు.

అయితే కారు కొనడానికి మోజొక్కటే కారణం కాదు. విక్టోరియా మిషన్ ఆస్పత్రిలో నర్సు. పెదపాడు వైపు ఊళ్ళల్లో గాని, కొల్లేటి లంకల్లో గాని ఎక్కడ కాన్పు కష్టమైనా ఆవిడకే కబురొచ్చేది. ఎడ్లబండి మీద బయల్దేరితే ఆ బురదలో ఎప్పటికి చేరేదో దేవుడికే తెలియాలి. ఆలస్యంగా చేరిన రోజున అక్కడ ఏం జరిగిందో ఆవిడ చెప్పేది కాదు. ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకుని, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకునేది. ఆవిడకి పుట్టిన పిల్లలు కూడా దక్కలేదు. ఒకరి తరవాత ఒకరు పురిట్లోనే పోయారు. అలాంటి మనిషి ఇంకొకరి బిడ్డని చేతుల్లోకి తీసుకుని, కడిగి, తల్లి పక్కన పడుకోబెట్టి, ఖాళీ చేతుల్తో ఇంటికి రావడం మేష్టారు చూడలేకపోయేవాడు. దాని గురించి మాట్లాడడం చేతకాక, కారు కొందామన్నాడు.

కొత్తది కొనే తాహతు ఎలాగూ లేదు. పాత కారు కొనేటప్పుడు ఏం చూడాలో ఆ జిల్లాలో అందరికీ తెలుసు. ఇంజను చప్పుడు వినాలి, నూనె ఎక్కడైనా కారుతోందేమో చూడాలి, టైర్లు గోటితో గిల్లి చూడాలి. అన్నిటికన్నా ముందు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి, కారు ఏ పక్కకి ఒరిగిందో చూడాలి. కారు దిగేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అని చెప్పకుండా దిగిపోయినవాళ్ళ బరువు సీట్లోనే ఉండిపోతుంది మరి. ఆ మనిషి తిరిగొచ్చి, అదే సీట్లో కూర్చుని, చెప్పి దిగితే గాని అది వదలదు. చనిపోయినవాళ్ళ బరువైతే పోయేనాటికి ఎంతో అంతే, పిసరు పెరగదు, పిసరు తరగదు. బతికున్నవాళ్ళదైతే వాళ్ళతోపాటే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే మర్యాద తెలిసినవాళ్ళు కారు దిగి, గుమ్మందాకా వెళ్ళి కూడా, మర్చిపోయామని వెనక్కొచ్చి మరీ ‘వెళ్ళొస్తానండి’ అని చెప్పి పోతారు. రైలుపెట్టెల్లో ఈ బెడద లేదు. టిక్కెట్టు ఇచ్చేసి బయటికి రావడంతో అక్కడ అన్ని లెక్కలూ తీరిపోతాయి.

మేష్టారు ఊళ్ళన్నీ తిరిగాడు. ఏలూరులోనే ఒక ప్లీడరుగారి కారు చూడ్డానికి నిగనిగలాడుతోంది గాని, కేసులు ఓడిన పార్టీలంతా ఉలుకూ పలుకూ లేకుండా దిగిపోయినట్టున్నారు, కాలవ వంతెన ఎక్కలేక మూలిగింది. ఆకివీడులో చేపల షావుకారిది టాపు లేని కారు. అందులో బరువేమీ లేదు, వాసన ఉంది. అది ఎవరు ఏం చెప్పి దిగినా పోయే వాసన కాదు.

ఆఖరికి తాడేపల్లిగూడెంలో, రైసుమిల్లు వెంకట్రాజుగారి షెడ్లో దొరికింది. నాలుగు తలుపులు, పైన గట్టి కప్పు, ముదురాకుపచ్చ రంగు. రాజుగారింట్లో ఆడవాళ్ళకి ఘోషా కనక వెనక కిటికీలకి తెరలున్నాయి. కొన్నేళ్ళుగా వాడకుండా, చక్రాలు నేలకి ఆనకుండా దుంగలమీద ఎత్తి పెట్టేశారు. మేష్టారు ప్లగ్గులు విప్పి తుడిచి, హ్యాండిలు వేసి తిప్పితే కాసేపు సతాయించి అందుకుంది. ఆ చప్పుడు వినగానే ఆయనకి ఇంకేమీ వినపడ్డం మానేసింది. దుంగలు తీయించి కిందకి దించాక చూస్తే, వెనక ఎడమపక్క వేలెడు మేర కిందకి దిగి ఉంది.

“దాచడం దేనికి మేష్టారూ, బరువుందండి,” అన్నారు రాజుగారు. “మా అమ్మాయి సత్యవేణిదండి. నాలుగేళ్ళ పిల్ల. మీ ప్రయాణాలకేం అడ్డు రాదు.”

తరవాత గోడకేసి చూస్తూ మిగతాది చెప్పారు. ద్వారకా తిరుమలలో స్వామివారి కల్యాణానికి వెళ్ళినప్పుడు పిల్ల నిద్దట్లో ఉంటే దాసీమనిషి భుజాన వేసుకుని దిగింది. నిద్దట్లో ఉన్న పిల్ల ఏం చెబుతుంది? తీర్థంలో గాజుల కొట్టు దగ్గర కిందకి దించిందట, మరి కనిపించలేదు. నూతులు తోడించారు, చెరువులో వలలు వేయించారు. జాతకం చూసినాయన జలగండం అన్నాడు. అంతటితో వదిలేసుకున్నారు. ఇంట్లో ఆవిడకి మనసు కుదురుగా లేదని, రోజల్లా ఈ షెడ్లో ఈ సీటు పట్టుకునే కూర్చుంటోందని, ప్రస్తుతం పుట్టింటికెళ్ళి ఉంది గనక తిరిగొచ్చేలోగా దీన్ని తీసుకుపొమ్మని చెప్పి, అడగకుండానే ధర సగానికి దించేశారు.

మేష్టారు మంచివాడే. తల్లికి తెలియకుండా అమ్ముతున్నారని గుండెలో కలుక్కుమంది కూడా. కాని అప్పటికే ఆయన చెయ్యి స్టీరింగు మీద ఉంది.

ఆ కారు తోలడంలో ఉన్న సరదా ఇంతా అంతా కాదు. గేరు మారిస్తే చప్పుడు లేకుండా జారేది. కాలవగట్టు మలుపుల్లో చక్రం ఇలా తిప్పితే అలా తిరిగేది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుదాకా మేష్టారు ఈలేస్తూ వచ్చాడు. పంటకాలవలో గేదెలు కడుక్కుంటున్నవాళ్ళకి చెయ్యూపాడు. ఇంటిముందు ఆపి హారను కొట్టాక, వెనకసీట్లో పోయిన బిడ్డ ఉందన్న సంగతి గుర్తొచ్చి మొహం చిన్నబోయింది.

విక్టోరియా కారంతా చూసి, వెనక తలుపు తీసి, ఎడమపక్క సీటులో పడ్డ చిన్న లొత్తుని చేత్తో తడిమింది. భర్త జరిగింది చెబితే విని, లోపలికెళ్ళి ఉతికిన తువ్వాలొకటి తెచ్చి ఆ లొత్తు మీద పరిచింది. ఆ రోజు నుంచి ఆవిడ ముందుసీట్లో కూర్చోలేదు. మందుల సంచీ ముందు పెట్టించి, తను వెనక కుడిపక్క కూర్చుని, ఎడంచెయ్యి ఆ తువ్వాలు మీద వేసుకుని వెళ్ళేది. కాన్పులకి ఇప్పుడు వేళకి చేరేది. చేరినా కొన్నిసార్లు తల్లి దక్కేది కాదు, కొన్నిసార్లు బిడ్డ దక్కేది కాదు. అలాంటి రోజుల్లో కూడా తిరిగొచ్చి అన్నం తినేది. మేష్టారు అది చూసి, కారు కొనడం మంచిదైందనుకున్నాడు.

వేసవి దాటేసరికి ఎడమపక్క కమాను కట్ట ఇంకాస్త దిగినట్టనిపించింది. చక్రం పైన ఇనపపట్టీలు బొత్తిగా పేర్చి బిగిస్తారే, అదే కమాను కట్ట. ఇన్నాళ్ళు దుంగలమీద ఉన్న బండి గదా, పట్టీలు అలిసిపోయాయనుకున్నాడు. సొంతంగా పనిచేసుకునేవాళ్ళకి ఉండే జబ్బే ఇది, కంటికి కనిపించిన ప్రతిదానికీ పానా పట్టుకుంటారు. కట్ట విప్పి, కమ్మరి కొలిమిలో పట్టీలకి మళ్ళీ వంపు పోయించి, గ్రీజు పూసి బిగించాడు. తొలకరి పడేసరికి మళ్ళీ దిగింది. ఒక పట్టీ మార్చాడు. శ్రావణంలో మళ్ళీ దిగింది. కుడిపక్క కట్ట మాత్రం కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఒక శనివారం తెల్లవారగట్ల కారు కింద పడుకుని ఉండగా, ఎవరూ ముట్టకుండానే ఎడమపక్క కట్ట మెల్లిగా పైకి లేచింది. కాసేపు అలాగే ఉండి మళ్ళీ కిందకి దిగింది. సాయంత్రమూ అంతే. మర్నాడు చర్చికెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూశాడు. లేవడం పొద్దుటా సాయంత్రమే గాని, మిగతా వేళల్లో లేదు.

మేష్టారు పాఠం చెప్పే మనిషి. నూతిలో చేద నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిగ్గా ఉంటుంది, పైకి తీశాకే బరువు చేతికి తెలుస్తుంది, ఎందుకు? ఏటా ఇదే ప్రశ్న వేసి పిల్లల చెవులు మెలేసేవాడు. ఇప్పుడు జవాబు ఆయన నెత్తిమీదే ఉంది. ఈ పిల్ల పొద్దుటా సాయంత్రం మెడలోతు నీళ్ళలో దిగుతోంది. దిగుతోందంటే బతికుంది. పెరుగుతోంది. ఈ ప్రాంతంలో పసిపిల్లలు రెండు పూటలా నీళ్ళలో బతికే చోటు కొల్లేరు తప్ప ఇంకేముంది?

గ్రీజు చేతుల్తోనే వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. విక్టోరియా బియ్యం ఏరుతోంది.

“వెనకసీటు బరువు పెరుగుతోందే,” అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు. “తెలుసండి.”

“ఎప్పట్నించి?”

“వేసవిలోనే తెలిసిందండి. పిల్లల బరువు నా చేతికి తెలియదా?” అని చేట పక్కన పెట్టింది. “నేను పట్టుకున్నవాటిల్లో నా చేతికింద పెరిగింది ఇదొక్కటేనండి. చెబితే తీసుకుపోతారు.”

మేష్టారు గ్రీజు చేతులు పంచెకి తుడుచుకున్నాడు. చెబితే రాజుగారు కారు వెనక్కి అడుగుతారన్నది ఆయనకీ తోచింది. ఆవిడకి పిల్ల, ఆయనకి కారు. దీపావళి సెలవుల్లో వెళ్ళి చెబుదాం అన్నాడు. అలాగేనండి అంది ఆవిడ. అప్పటికి దీపావళి చాలా దూరం ఉంది. ఆ దూరం చూసే ఇద్దరూ ఒప్పుకున్నారు. వానాకాలమంతా కారు తిరిగింది. తెరల వెనక విక్టోరియా చెయ్యి తువ్వాలు మీదే ఉండేది. అక్కడ తాడేపల్లిగూడెంలో ఒక తల్లి ఖాళీ షెడ్డు చూసుకుంటూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఒక్కరూ పైకి ఎత్తలేదు.

వానలు వెనకబట్టి కొల్లేటి గాలికి దోమలు లేచే రోజుల్లో కమాను కట్ట లేవడం మొదలెట్టింది. ఈసారి పొద్దుటా సాయంత్రమని లేదు. ఇవాళ కొంచెం, రేపింకొంచెం, అలా పైకి వస్తూనే ఉంది. నీళ్ళలో దిగిన జాడ బొత్తిగా లేదు. విక్టోరియా తువ్వాలు తీసేసి, సీటు మీద రెండు చేతులూ ఆనించి చూసింది. లంకల్లో ఆ యేడు చలిజ్వరాలు ఎలా ఉన్నాయో ఆస్పత్రిలో ఆవిడకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

“ఏవండీ, బడికి సెలవు పెట్టండి,” అంది. “పిల్ల కరిగిపోతోంది.”

ఆ పూటే బయల్దేరారు. దారంతా చినుకులు. మేష్టారు ఈలెయ్యలేదు.

రాజుగారు అరుగుమీద నిలబడే విన్నారు. కూర్చోమని కూడా అనలేదు. కమాను కట్టలనీ, నూతిలో చేద అనీ మేష్టారు పాఠంలా చెప్పుకుపోతుంటే ఆయన మొహం రాయిలా అయిపోయింది. పోయిందనుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందని, ఇప్పుడు మళ్ళీ ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తవద్దని, కావాలంటే ఇంకో పదిమందిని అడిగి వాళ్ళ కార్లు బాగుచేసుకోమని అన్నారు. అని, లోపలికి వెళ్ళబోయి ఆగిపోయారు.

తలుపు తెర పక్కకి తొలిగింది. ఆ ఇంటి ఆడవాళ్ళని పరాయి మగవాడెవడూ చూసి ఎరగడు. రాజుగారి భార్య జ్ఞానప్రసూనాంబ పమిట తలమీదికి కూడా లాక్కోకుండా మెట్లు దిగి, వానలో నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చి, వెనక తలుపు తీసి సీటుమీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

“పెరుగుతోందని నేను చెబుతూనే ఉన్నానండి,” అంది భర్తతో. “మీరు నాకు వైద్యం చేయించారు.”

దుంగలమీద ఉన్న కారుకి కట్టలు దిగవు గదా. చేతికి తెలిసింది ఒక్క ఆవిడకే. రాజుగారు అరుగుమీద అలాగే కూలబడ్డారు.

ఆవిడ విక్టోరియా వైపు తిరిగి, “మీకెప్పుడు తెలిసిందమ్మా?” అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. మేష్టారు చెబుతుందనే అనుకున్నాడు. “వేసవిలోనండి,” అంది విక్టోరియా. ప్రసూనాంబ ఆవిడని ఒక్క చూపు చూసి కారెక్కి కూర్చుంది.

కొల్లేటి ఒడ్డున కారు పోగలిగినంత మేర పోయి, గట్టు చివర ఆగారు. తాటిదోనెలు కట్టేసి ఉన్నాయి. విక్టోరియా దిగి, ద్వారకా తిరుమల తీర్థం నుంచి కొన్నేళ్ళ కిందట తెచ్చుకున్న ఆడపిల్ల ఏ లంకలోనైనా ఉందా అని దోనెవాడిని అడిగింది. అదేదో అడగాల్సిన విషయమే కానట్టు, “పేరంటాలు కూతురాండీ? తిరపతమ్మ. జొరంతో ఉందండి,” అన్నాడు వాడు. లంకల్లో అందరికీ తెలుసు. ఎవరూ దాచలేదు. అంతకుముందు యేడు అదే లంకలో విక్టోరియా ఒక కాన్పు చేసి వచ్చింది కూడా. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న అడిగినవాళ్ళే లేకపోయారు. తెర వెనక ప్రసూనాంబ ఏడుపు బయటికి వినపడింది.

కబురందుకుని పేరంటాలు మర్నాడు పొద్దున్నే వచ్చింది. చేపలు పట్టుకునే ఇంటి ఆడమనిషి, ఎండకి నల్లబడి, కర్రలా ఉంది. గొంగళిలో చుట్టిన పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి వేలాడుతోంది. పిల్ల ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఒళ్ళు కాలిపోతోంది.

“కొండ కింద మా బండి కాడ కూకుని ఏడుస్తా కనపడిందండి,” అంది పేరంటాలు, ఎవరూ అడక్కుండానే. “పొద్దుగూకేదాకా చూశామండి. ఆ తరవాత ఎతకలేదండి. ఎతికితే దొరుకుతారని బయమేసిందండి.”

విక్టోరియా తల దించుకుంది.

ప్రసూనాంబకి పిల్లని పోల్చుకోవడం చేతకాలేదు. నాలుగేళ్ళప్పుడు బూరెల్లాంటి బుగ్గలున్న పిల్ల ఇప్పుడు ఇలా ఉంటే ఎవరు పోల్చుకోగలరు? పిల్లకి ఆవిడెవరో అసలే తెలియదు. చివరికి మేష్టారే పిల్లని ఎత్తి వెనకసీట్లో ఎడమపక్క కూర్చోబెట్టమన్నాడు. తను చక్రం పక్కన గొంతుక్కూర్చుని కట్టవైపు చూశాడు. మనిషి ఎక్కితే కట్ట దిగాలి, పసిపిల్లయినా సరే. అది వెంట్రుకవాసి కూడా దిగలేదు. పిల్ల తన బరువులో తను కూర్చుంది.

“ఈ పిల్లేనండి,” అన్నాడు లేచి.

విక్టోరియా పిల్లకి క్వినైను తాగించి, నోట్లో బెల్లంముక్క పెట్టింది. ప్రసూనాంబ చేతి గాజులు రెండు తీసి ఇవ్వబోతే పేరంటాలు చేతులు వెనక్కి పెట్టుకుంది. తిరపతమ్మకి కొర్రమీను పులుసంటే ఇష్టమని, ముళ్ళు తీసి పెట్టాలని, పొద్దుటా సాయంత్రం నీళ్ళలో దిగకపోతే దానికి అన్నం సయించదని, ఈతలో మొగపిల్లలు కూడా దాని కాలిగోటికి చాలరని, అన్నీ విక్టోరియాకే చెప్పింది. పిల్ల కిటికీలోంచి, “ఎళ్ళొస్తానే అమ్మా,” అంది. పేరంటాలు తలూపింది. దోనెలో ఎవరి బరువూ నిలవదు, నీళ్ళు నిలవనివ్వవు. ఆవిడ ఖాళీ దోనె తోసుకుంటూ వెళ్ళిపోవడం మేష్టారికి అద్దంలో చాలాదూరం కనిపించింది.

తాడేపల్లిగూడెంలో రాజుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. రాత్రంతా అక్కడే ఉన్నారో ఏమో, కండువా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కారాగింది. దారిపొడుగునా నుదుటిమీద తడిగుడ్డ వేస్తూ వచ్చిన విక్టోరియాకి పిల్ల బాగా చేరికైంది. దిగబోతూ ఆవిడవైపు తిరిగి, లంకలో నేర్పిన మర్యాద ప్రకారం నోరు తెరిచింది.

ప్రసూనాంబ పిల్ల నోటికి మెల్లిగా అరచెయ్యి అడ్డం పెట్టి, భుజాన వేసుకుంది.

“చెప్పొద్దమ్మా,” అంది. తరవాత విక్టోరియాతో, “అది మీ దగ్గరే ఉండనివ్వండి. నాకు పిల్ల ఉంది,” అంది.

దయతోనే అంది, ఆ గొంతులో అనుమానం లేదు. కాని వస్తానని చెప్పకుండా దిగినవాళ్ళు ఇక రారనే ఆ జిల్లాలో లెక్క. అది ఆవిడకీ తెలుసు, విక్టోరియాకీ తెలుసు. వేసవి నుంచి వానలు వెనకబట్టేదాకా దాచిన మనిషి అంతకన్నా ఏం అడగగలదు? దణ్ణం పెట్టి కారెక్కింది. తలుపు తెర మూసుకుంది. కారు ఎడమపక్కకి ఒరిగే ఏలూరు తిరిగొచ్చింది.

పిల్ల కోలుకుంది. ఆ సంగతి ఎవరూ కబురు చెయ్యనక్కర్లేకపోయింది. క్రిస్మస్ నాటికి కట్ట మళ్ళీ మునపట్లా దిగింది, ఆ తరవాత ఇంకా దిగింది. నేతి అన్నం, పాలు, మినపసున్ని ఉండలు. రాజుగారింట్లో తిండికేం లోటు? ఆ పిల్ల ఏ రోజు బాగా తిన్నదీ, ఏ రోజు అలిగి తిననిదీ విక్టోరియా చేతికి తెలిసిపోయేది. తెల్లవారగట్ల లేచి వెళ్ళి, వెనక తలుపు తీసి, సీటుమీద చెయ్యి వేసి కూర్చునేది. సాయంత్రం దీపాలవేళ మళ్ళీ కూర్చునేది. మేష్టారు మొదట్లో ఎందుకని అడిగాడు. తరవాత అడగలేదు.

కొల్లేటి ఒడ్డు ఊళ్ళకి ఎప్పుడు వెళ్ళినా, తిరుగు ప్రయాణంలో కారు ఆ గట్టు చివరదాకా పోనిమ్మనేది విక్టోరియా. హారను వినపడగానే పేరంటాలు దోనె వేసుకుని వచ్చేది. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, అడిగి, సీటుమీద వేసేది. బాగా ఒళ్ళు చేసిందండి అనేది. మొదటిసారి వచ్చినప్పుడు ఏడ్చింది గాని, తరవాత ఏడవలేదు.

ఫాల్గుణంలో ఒకనాటి సాయంత్రం అలాగే వచ్చింది. పొద్దు నీళ్ళమీదికి వాలుతోంది. లంకల్లో పిల్లలంతా ఈతకి దిగే వేళ, వాళ్ళ కేకలు గట్టుదాకా వినపడుతున్నాయి.

“నీళ్ళలోకి దిగనిస్తన్నారాండి దాన్ని?” అని అడిగింది పేరంటాలు.

“దిగుతోందమ్మా,” అంది విక్టోరియా. “వాళ్ళ పెరట్లో పెద్ద కొలనుంది. రెండు పూటలా దిగుతోంది.”

స్టీరింగు ముందు కూర్చున్న మేష్టారు వెనక్కి తిరిగి చూడలేదు. “మంచిదండి,” అంది పేరంటాలు. చెయ్యి మాత్రం సీటుమీద నుంచి తియ్యలేదు. పొద్దు పూర్తిగా గుంకింది, పిల్లల కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, అవతల లంకలో దీపం పెట్టారు. ఆ చేతికింద బరువు అంతసేపూ ఒక్కలాగే ఉంది.